వెంట్రుకవాసి

జెస్తఫోనిలో జనన మరణాల ఆఫీసు
రైలు పట్టాలకు అరవై అడుగుల దూరం.
నేను వెళ్ళేసరికి కంప్యూటరు
ఉలుకూ పలుకూ లేకుండా ఉంది.
మీట నొక్కితే మూడు కూతలు కూసి
నల్లగా గుడ్లప్పగించింది.

నాకంటే ముందు ఇద్దరొచ్చారట.
మొదటివాడు వైరస్ అన్నాడు.
రెండోవాడు
ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పుపెట్టినట్టు
ఉన్నదంతా తుడిచేసి, విండోస్ మళ్ళీ ఎక్కించి
వారం కూలీ పట్టుకుపోయాడు.
మూడోరోజుకి మామూలే.

గుమాస్తా ఎతేరి, ముప్ఫై రెండేళ్ళ సర్వీసు,
నా చేతిలో స్క్రూడ్రైవరు చూసి
"ఇదొక్కటేనా?" అంది.
ఇంకోటుంది. జేబులో, పెన్సిలు చెరిపే రబ్బరు.

పక్క రేకు విప్పాను.
దుమ్ము, పొద్దుతిరుగుడు గింజల పొట్టు,
కాళ్ళు ముడుచుకుని ఎండిపోయిన సాలీడు.
మెమరీ పట్టీని చెవులు వదిలించి లాగితే
బంగారు పళ్ళ మీద మసక.
రబ్బరుతో రుద్ది, తుడిచి,
గాడిలో నిలబెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాను.
ఒక చెవి టక్కుమంది.
రెండోది కాస్త ఆలోచించి టక్కుమంది.
ఆ రెండో చప్పుడు వినకుండా రేకు మూయొద్దని
పని నేర్పిన ఓతారి చెప్పేవాడు,
చెప్పి చెప్పి చెవుడొచ్చిన మనిషి.

వెలిగింది.
ఎతేరి కాఫీ పోసింది, నమ్మకం లేకుండానే.

మర్నాడు ఫోను. మళ్ళీ పోయింది.
ఎప్పుడు? సాయంత్రం.
అంతకుముందు? అదీ సాయంత్రమే.
"అప్పటికి నాకూ ఓపికుండదు, దానికీ ఉండదు" అంది.

ఈసారి ఏదీ విప్పలేదు.
కుర్చీ లాక్కుని కూర్చున్నాను.
బల్లకు అవతల మల్ఖాజ్, నతెలా,
నతెలా ఒళ్ళో దుప్పట్లో చుట్టిన పిల్ల.
వాళ్ళు రావడం ఇది మూడోసారి.
పేరు తినాతిన్.
రెండుసార్లూ 'తినా' దాకా వచ్చి తెర ఆరిపోయిందట.
పుట్టి పదిహేడు రోజులు,
కాగితం మీద ఇంకా పుట్టలేదు.

నాలుగూ పదికి చియాతురా నుంచి
ఖనిజం మోసుకుంటూ గూడ్సు వచ్చింది.
ముందు నా కప్పులో కాఫీకి తెలిసింది,
అంచు దాకా సన్నటి వలయాలు.
తర్వాత కిటికీ అద్దానికి. బల్లకి.
తర్వాత తెర పోయింది.
"చూశావా" అంది ఎతేరి, గెలిచినట్టు.

బల్ల కింద దూరి, రేకు తీసి,
లాంతరు నోట కరుచుకుని
ఒక్కో తీగనూ వేలితో పలకరించాను.
బోర్డుకి కరెంటు మోసే పెద్ద ప్లగ్గు,
దాని కొక్కెం ఎప్పుడు విరిగిందో!
తెగలేదు, కాలలేదు, ఊడి వేలాడనూ లేదు.
పెట్టింది పెట్టినట్టే ఉంది.
వెంట్రుకవాసి ఎడం.
రోజుకో రైలు, రైలుకో కదలిక,
ఎన్నేళ్ళుగా జారుతోందో పాపం,
చూపుకి చిక్కకుండా.
ఊడినదైతే కన్ను పట్టేస్తుంది,
వదులైనదాన్ని వేలు పట్టాలి.

లోపలికంటా దిగేలా నొక్కి
ప్లాస్టిక్ పట్టీతో బిగించాను.
పాత సైకిల్ ట్యూబు నాలుగు ముక్కలు కోసి
డబ్బా కింద నాలుగు మూలలా పెట్టాను.
గోడకు ఆనుకున్నదాన్ని జానెడు జరిపాను.
మోకాళ్ళకి రెండు దశాబ్దాల దుమ్ము.

రశీదులో మార్చిన భాగాలేవని అడిగింది ఎతేరి.
రబ్బరు ముక్కలు, నాలుగు, అన్నాను.
రాసుకుంది. కింద గీత గీసింది.
ఆ గీత నాకు నచ్చలేదు గానీ ఊరుకున్నాను.

అయిదుంపావుకి కుతాయిసి బండి ఉంది.
అప్పటిదాకా ఆగుదామా అంటే
మల్ఖాజ్ ఒప్పుకోలేదు, టైపు చెయ్యమన్నాడు.
ఎతేరి రెండు వేళ్ళతో మొదలుపెట్టింది.
ఇంటిపేరు. తండ్రి. తల్లి. పుట్టిన గంట.
తి. నా.
అప్పుడే, గంట ముందుగా,
ఎక్కడి నుంచో ఒంటరి ఇంజను.

కాఫీ వణికింది.
అద్దం వణికింది.
నతెలా పిల్ల చెవిని అరచేత్తో మూసింది.

ఇంజను వెళ్ళిపోయింది.
తెర మీద గీత ఒకటి
వెలుగుతూ, ఆరుతూ, వెలుగుతూ,
తర్వాతి అక్షరం కోసం.
ఎతేరి మాత్రం
వేలు గాల్లోనే ఉంచి
పట్టాల వైపు చెవి పెట్టి ఉంది.